లింబాద్రి పదకొండో ముచ్చట

మా క్యాంపులో అందరి గురించీ లింబాద్రి రాశాడు. లింబాద్రి గురించి రాసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. రాయడం వచ్చినవాళ్ళకు ఇదొక సుఖం. అందుకని ఆ పని నేను చేస్తున్నాను. నా పేరు మల్లేశం. గల్ఫులో హుఫూఫ్ అనే ఊరి బయట ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో డెబ్బై మందికి వంట చేస్తాను. ఇంటర్ తప్పాను గానీ తెలుగులో తప్పలేదు. కాబట్టి వంటవాడు ఇంత శుభ్రంగా ఎలా రాశాడని ఎవరూ ముక్కున వేలేసుకోవద్దు.

లింబాద్రిది భీమ్‌గల్ దగ్గర పల్లె. వయసు ముప్పై ఎనిమిది. ఏసీ మెకానిక్. పొద్దున గోడలెక్కి ఏసీలు విప్పుతాడు, సాయంత్రం మెస్సులో కూర్చుని మనుషుల్ని విప్పుతాడు. వంటగది గుమ్మం పక్కన బోర్లించిన నూనె డబ్బా ఒకటుంది, అదే అతని కుర్చీ. ఫోనులో రెండు బొటనవేళ్ళతో టకటకా రాస్తాడు. మనం ఎంత కష్టం చెప్పుకుంటున్నా సరే, మధ్యలో చెయ్యెత్తి "ఆగన్నా, గా మాట మల్లొక్కసారి చెప్పు" అంటాడు. ఏడ్చేవాడు కూడా ఆగి, కళ్ళు తుడుచుకుని, రెండోసారి కొంచెం నిదానంగా ఏడవాలి.

ఎందుకింత యావ అంటే అతనికో కోపం ఉంది.

"మన గురించి పేపర్ల ఎప్పుడు వడ్తదన్నా? విమానంల శవం పెట్టె వచ్చినప్పుడు. లేకుంటె ఎవడో ఎడారిల గొర్లు కాసుకుంట ఏడ్సినప్పుడు. మనం నవ్వమా? కొట్లాడుకోమా? బయటోడు రాస్తే గంతే రాస్తడు. మనోడు రాయాలె."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చబట్టే నా గురించి రాసుకోమన్నాను. ఎట్లా రాశాడో చూపించమని అడగలేదు. అక్కడే నా కొంప మునిగింది.

హైదరాబాదులో ఉదయకిరణ్ అనే ఆయన ఒక వెబ్ పత్రిక నడుపుతాడు. లింబాద్రి మొదటి ముచ్చట ఆయనే వేశాడు. దాని పేరు 'ఖల్లివల్లి మల్లేశం'.

ఖల్లివల్లి అరబ్బుల మాట. పోనీలే, వదిలెయ్ అని అర్థం. నా నోట్లో అది రోజుకు వందసార్లు వస్తుంది. కూరలో ఉప్పెక్కువైందా, ఖల్లివల్లి. గ్యాసు బండి రాలేదా, ఖల్లివల్లి. అది చూసి ముచ్చటేసి లింబాద్రి నాకు ఆ పేరు తగిలించాడు. అయితే మా జగిత్యాల వైపు పల్లెల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, అంటే కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా దొంగచాటుగా పని చేసుకునేవాణ్ణి ఖల్లివల్లి అంటారు. గల్ఫుకు మనిషిని పంపిన ప్రతి ఇంట్లో ఆ మాటంటే భయం. లింబాద్రికి రెండర్థాలూ తెలుసు. కానీ పన్నెండేళ్ళుగా క్యాంపులో ఉండి, ఊళ్ళో ఎలా వినిపిస్తుందో మరిచిపోయాడు.

ఆ లింకు మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. తెరిచి చదివినవాడు లేడు. పేరు చూశారు, గరిటె పట్టుకున్న నా ఫొటో చూశారు, అంతే. మల్లేశం ఖల్లివల్లి అయిండట అని గంటలో ఊరంతా పాకింది. మా ఇంటావిడ ముత్యవ్వ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. కఫీల్ తాన్నించి ఉరికినవా?"

"వంట చేస్తున్ననే. గిదో, చప్పుడు ఇను," అని గరిటెతో డేగిసా మీద టంగుమని కొట్టాను.

"దాసుకొని చేస్తున్నవా?" అన్నది.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ రెండ్రోజులు నాకు అన్నం సహించలేదు. ముత్యవ్వ మహిళా సంఘం మీటింగుకు కూడా పోలేదట, నలుగురిలో ఏం అడుగుతారోనని. చివరికి నా ఇఖామా ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాల్సి వచ్చింది. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు. దాని మీద నా బట్టతల నిండుగా ఉంటుంది. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ టోపీ కింద దాచుకున్న సంగతి ఊరు ఊరంతా చూసింది. పోయిన పరువు వచ్చింది, ఉన్న జుట్టు పోయింది.

లింబాద్రి మీద నాకు వచ్చిన కోపం వంటవాడి కోపం. మూడ్రోజులు అతని పళ్ళెంలో పప్పు మీది తేట మాత్రమే పడింది. నాలుగో రోజు వచ్చి నా పక్కన కూర్చుని బస్తా ఉల్లిగడ్డ ఒలిచాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఉల్లిగడ్డవో అతనివో నేను అడగలేదు. లేచేటప్పుడు అన్నాడు.

"ఇగ నుంచి ఎవల ముచ్చట వాళ్ళకు సదివి ఇనిపించినంకనే పంపుత. తీసెయ్యమంటె తీసేస్త. కని లేనిది వెట్టుమంటె వెట్ట."

అలా మా క్యాంపులో శుక్రవారం చదువు మొదలైంది. శుక్రవారం పొద్దున స్నానాలయ్యాక లింబాద్రి నూనె డబ్బా మీద కూర్చుని చదివేవాడు, ఎవరి ముచ్చటైతే వాళ్ళు ఎదురుగా పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. చిత్తూరు మునిస్వామి మా ప్లంబరు. తనకు బల్లి అంటే భయమన్న సంగతి తీసెయ్యమన్నాడు. తీసేశాడు. బదులుగా ఊళ్ళో తనకో బోరు ఉన్నట్టు రాయమన్నాడు.

"బోరు ఉన్నదా?"

"లేదు. అయినా నా కతలో నాకు ఒక బోరన్నా లేకపోతే ఎట్లా సామీ?"

గంటసేపు వాదించుకుని, చివరికి 'మునిస్వామికి బోరు వేయించాలని ఉంది' దగ్గర రాజీ పడ్డారు. వడ్రంగి లక్ష్మణ్ అయితే మొత్తం విని, చాలా బాగుందని మెచ్చుకుని, మొత్తం తీసెయ్యమన్నాడు. లింబాద్రి మొహం మాడిపోయింది. అయినా తీసేశాడు. అలా కోతలన్నీ పోగా రెండేళ్ళలో పది ముచ్చట్లు మిగిలాయి.

అప్పుడు ఉదయకిరణ్ పుస్తకం వేద్దామన్నాడు.

లింబాద్రికి ఆ పుస్తకం అంటే ఎంత ఆశో నాకు తెలుసు. అతని పేరు తెలుగులో ఎక్కడా సరిగ్గా అచ్చు కాలేదు. పదో తరగతి మెమోలో 'లింగాద్రి' అని ఉంది. దాన్ని మార్పించలేక, కనీసం పాస్‌పోర్టులో సరిగ్గా వేయించుకున్నాడు, అదీ ఇంగ్లీషులో. ఇక్కడికొచ్చాక ఇఖామాలో 'లంబద్రి' అయింది. సూపర్‌వైజరు 'లంబూ' అని పిలుస్తాడు, మనిషేమో నా భుజం దాకా కూడా రాడు. అట్ట మీద తన పేరు, తన భాషలో, తప్పు లేకుండా ఒక్కసారి చూసుకోవాలి. అతనికి కావలసింది అంతే.

అయితే పది చాలవని, ఇంకొకటి కావాలని ఉదయకిరణ్ అడిగాడు. ఆ పదకొండోదాని దగ్గరే మావాడు జారాడు.

హుఫూఫ్‌లో ఒక ఇంట్లో పని చేసే రాయలసీమ ఆవిడ ఉంది. ఆమెను ఖాసింబీ అందాం. అసలు పేరు అది కాదు. వాళ్ళిద్దరికీ పరిచయం ఎలా అయిందో రాసుకోవచ్చని ఆమే ఒప్పుకుంది కాబట్టి అంతవరకు చెబుతాను. లింబాద్రి ఆ ఇంట్లో నిచ్చెనెక్కి ఏసీ ఫిల్టరు దులుపుతున్నాడు. కింద తడిగుడ్డ పెడుతున్న ఆమె మీద దుమ్మంతా పడింది. అరబ్బుల ఇంట్లో ఎవరికి అర్థమవుతుందిలే అనుకుని ఆమె గట్టిగానే తిట్టింది.

"నీ దుంప తెగ, ఇప్పుడే గదరా తుడిచినా!"

"మల్ల నేను తుడుస్త తియ్యి చెల్లె," అన్నాడు పైనుంచి.

ఆమె చేతిలో బకెట్టు జారిపోయిందట. ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ఆమె తెలుగు వినలేదు. ఆనాటి నుంచి ఇంట్లోవాళ్ళు నిద్ర లేవని శుక్రవారం పొద్దుటి పూట అతనికి ఫోన్ చేసేది. లింబాద్రన్నా అని పిలిచేది. ఒకరోజు తన జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పింది. అది ఏమిటో నాకు తెలియదు. లింబాద్రి నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

నాకు చెప్పలేదు గానీ ఫోనులో ఎనిమిది పేజీలు రాసుకున్నాడు. రాసుకుని, ఆమెకు చదివి వినిపించక ముందే, ఎట్లుందో చూడండి సార్ అని ఉదయకిరణ్‌కు పంపాడు. తను పెట్టిన నియమం తనే దాటాడు. పుస్తకం ఆశ అలాంటిది. ఉదయకిరణ్ వెంటనే ఫోన్ చేశాడు. నా చేతులు పిండిలో ఉన్నాయి, స్పీకరు ఆన్‌లో ఉంది, నేను విన్నాను.

"లింబాద్రి గారూ, ఇదండీ బుక్కంటే! మిగతా పదీ లైట్‌గా ఉన్నాయి, నవ్వుకుంటాం, మర్చిపోతాం. ఇది చదివి నేను ఏడ్చాను. దీన్ని చివర పెడదాం. భయమేం లేదు, పేరు మార్చేద్దాం, ఊరు కూడా హుఫూఫ్‌ని ఖతీఫ్ చేసేద్దాం."

ఫోన్ పెట్టగానే అడిగాను.

"తమ్మీ, ఆమెకు సదివినవా?"

లింబాద్రి నూనె డబ్బా మీద అటూ ఇటూ జరిగాడు.

మరుసటి శుక్రవారం నీళ్ళ ట్యాంకు వెనక్కు పోయి, నాకు వినపడనంత దూరంలో నిలబడి, ఆమెకు ఎనిమిది పేజీలూ చదివాడు. అరగంట తర్వాత వచ్చాడు. చివర్లో జరిగిన మాటలు మాత్రం చెప్పాడు.

"అంతా నేను చెప్పినట్టే ఉండాదన్నా. ఒక్క అచ్చరం తప్పు ల్యా," అన్నదట ఆమె.

"పేరు మారుస్తం చెల్లె."

"పేరు మారిస్తే నా బిడ్డ నన్ను గుర్తుపట్టదా? నేను నవ్వే నవ్వు గూడా రాసినావే."

"నేనేమన్న బయటోణ్ణా? మనోణ్ణే గద."

"మనోడివనే గదన్నా చెప్పినా. బయటోడైతే చెప్పుంటానా? నేను నీకు చెప్పినా. పుస్తకానికి చెప్పల్యా."

తిట్టలేదట. ఏడవలేదట. అంతా అయ్యాక, తిన్నావా అన్నా అని అడిగి పెట్టేసిందట. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని లింబాద్రి రెండుసార్లు అన్నాడు.

అయినా ఆశ చావలేదు. ఆమెను ఇంకోసారి ఒప్పించి చూడమని ఉదయకిరణ్ మెసేజీలు పెడుతున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, రాత మీద ప్రేమ, అంతే. మావాడు రెండ్రోజులు తిరిగిన చోటే తిరిగి, మూడో రోజు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"అన్నా, ఆమెకు తెలుగు సదువ రాదు. అచ్చయినా ఆమెకు ఎట్ల తెలుస్తది?"

నాకు ఒళ్ళు మండింది. చేతిలో గరిటె పక్కన పెట్టి మరీ చెప్పాను.

"మా ముత్యవ్వ గూడ సదువలే. ఊరే చెప్పింది."

లింబాద్రి నా ముందే ఫోను తీసి ఆ ఎనిమిది పేజీలూ తుడిచేశాడు. ఉదయకిరణ్‌కు ఫోన్ చేసి, మీ దగ్గరున్నది గూడ తుడిచెయ్యండి సార్ అన్నాడు. ఆయన తుడిచేశాడు గానీ, పదింటితో పుస్తకం కష్టమేనండీ, ఒక్కటైనా బరువైనది ఉండాలి, నెలాఖరు దాకా చూస్తాను అన్నాడు.

ఆ వారమంతా లింబాద్రి డబ్బా మీద ఊరికే కూర్చున్నాడు. ఎవరు ఏం చెప్పినా ఆగన్నా అనలేదు. మునిస్వామి బాత్రూములో బల్లిని చూసి కేకలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చినా ఫోను తీయలేదు. చూసి చూసి నేనే అన్నాను.

"బరువు గావాలంటె నీది ఇయ్యరాదు? అందరి అంగీలు విప్పిచ్చినవ్. నీ గుండీ ఒక్కటన్న ఊడిందా?"

నేను మాట వరసకు అనలేదు. ఏది దాచాడో నాకు తెలుసు. మూడేళ్ళ కింద ఒక బంగళా రెండో అంతస్తులో ఏసీ బిగిస్తుండగా నిచ్చెన జారి కింద పడ్డాడు. నడుము దెబ్బతిని నలభై రోజులు మంచం మీదే ఉన్నాడు. కిచిడీ నోట్లో పెట్టింది నేనే, పక్కకు తిప్పింది నేనే. అతని భార్య సునీతకు ఈ సంగతి తెలియదు. పడిన రోజే ఒక మెసేజ్ పెట్టాడు, ఎడారిలో పని పడ్డది, సిగ్నల్ ఉండదు అని. మాట్లాడితే గొంతులో నొప్పి తెలిసిపోతుందని ఆ నలభై రోజులు ఫోను ఎత్తలేదు.

ఆ రోజు నుంచి లింబాద్రి బొటనవేళ్ళు మళ్ళీ కదిలాయి. పది రోజుల్లో పదకొండో ముచ్చట రాశాడు. రాసి, పంపేస్తానంటూ లేచాడు.

"సునీతకు సదివినవా?" అన్నాను.

"నా ముచ్చట గదన్నా. నాకు నేనే సదువుకున్న."

"నలభై రోజులు ఫోన్ ఎత్తనిది ఎవలది? అందుల ఆమె లేదా?"

అది తప్పించుకోలేకపోయాడు. శుక్రవారం పొద్దున నా వంటగదిలోనే కూర్చుని, స్పీకరు పెట్టి సునీతకు ఫోన్ చేశాడు. నేను బయటికి పోబోతే, నువ్వు గూడ ఇందుల ఉన్నవ్ అన్నా, కూసో అన్నాడు. చదవడం మొదలుపెట్టాడు. నిచ్చెన జారడం, కింద పడడం, నా కిచిడీ, అబద్ధపు ఎడారి, అన్నీ చదివాడు. కిచిడీలో ఉప్పు లేదని కూడా రాశాడు. పడడానికి ముందు రోజు ఫోనులో మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారట. ఇంక చాలు, వచ్చెయ్ అని ఆమె అడగడం, ఇప్పుడు కాదని ఇతను అనడం, కోపంలో ఆమె ఒక మాట అనడం, అదీ చదివాడు. చదివి ఆగాడు.

అప్పుడు సునీత మాట్లాడింది.

"పుస్తకానికి చెప్పినంక నాకు చెప్తున్నవా?"



"ఎడారి ముచ్చట నేను నమ్మలే," అన్నది మళ్ళీ తనే. "నేనన్న ఆ మాటకే నువ్వు నాతోని మాట్లాడుతలేవు అనుకున్న. నలభై రోజులు గదే అనుకున్న. నువ్వు మల్ల మాట్లాడినంక గూడ గదే మనసుల వెట్టుకున్న. అందుకే మల్లెప్పుడు నిన్ను రమ్మని అడగలే. యాదికుందా? మూడేండ్లు. ఒక్కసారన్న అడిగిన్నా?"

అడగలేదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆమెకు అలవాటైపోయిందన్నా, ఇగ రమ్మంటలేదు అని లింబాద్రే ఎన్నోసార్లు నాతో అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు, ఇల్లు తను లేకుండా బాగానే నడుస్తోందని. లోకంలో అందరి మనసుల్లో ఏముందో రాసినవాడికి ఇది తెలియలేదు.

లింబాద్రి ఏడ్చాడు. ఈసారి ఉల్లిగడ్డ దగ్గరలో ఎక్కడా లేదు. ఆగు, మళ్ళీ చెప్పు అని ఆమెను అడగలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని వింటూ కూర్చున్నాడు. నా కళ్ళు కూడా తడిసినాయి. పొయ్యి మీద పప్పు అడుగంటింది. ఆ రోజు డెబ్బై మంది మాడు వాసనతోనే తిన్నారు.

చివరికి సునీత అన్నది.

"అచ్చేసుకో. నువ్వు పడ్డది రాసుకో, దాసింది రాసుకో. నేను మూడేండ్లు అడగంది గూడ రాయి. కని నేనన్న ఆ ఒక్క మాట తీసెయ్యి. అది నీ మీది కోపంల అన్న. ఊరు సదివేటందుకు అనలే." ఆ వెంటనే, "ఇప్పుడు అడుగుతున్న. ఎప్పుడొస్తవ్?" అన్నది.

ఆ మాట తీసేసిన ముచ్చట ఉదయకిరణ్‌కు నచ్చింది. నచ్చి, లింబాద్రి గారూ, ఆవిడ అన్న మాట ఏమిటో ఉంటే ఇంకా అదిరిపోయేదండీ, ఒక్క వాక్యమే కదా అని మళ్ళీ మొదలుపెట్టాడు. వద్దు సార్ అని లింబాద్రి పెట్టేశాడు. పుస్తకం ఇప్పుడు ప్రెస్సులో ఉంది. అట్ట ఫొటో ఫోనుకు వచ్చింది. పేరు లి, సున్న, బా, ద్రి, ఒక్కో అక్షరం వేలు పెట్టి పెద్దది చేసి చూసుకున్నాడు. తప్పు లేదు. ఇఖామా రెన్యూ చేయొద్దని ఆఫీసులో చెప్పాడు. వచ్చే నెల ఎగ్జిట్, ఇక ఇంటికే. నూనె డబ్బా నాకు వదిలేసి పోతాడట, పెద్ద ఆస్తి!

అతని నియమం ప్రకారం ఇది కూడా అతనికి చదివి వినిపించాను, నేను డబ్బా మీద, అతను కింద. నా భుజం దాకా రాడన్నది తీసెయ్యమంటాడనుకున్నాను, ఏమీ అనలేదు. తన రాత బాగుంటుందని ఎక్కడో ఒక ముక్క పెట్టమన్నాడు. లేనిది పెట్టకూడదని నేర్పింది నువ్వే కదా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సునీతకు కూడా ఫోనులో చదివాం. ఆమె ఒకే ఒక్కటి అడిగింది, ఆ మాట ఇందులో లేదు కదా అని.

లేదు. చదివేవాళ్ళకు అదేమిటో తెలుసుకోవాలని ఉంటుంది. ఆ రోజు వంటగదిలో నేను విన్నాను కాబట్టి నాకు తెలుసు. మీరు మాత్రం ఖల్లివల్లి అనుకోండి.